ట్రాఫిక్ లైట్లున్న గళ్లు

పది గంటలకు స్లాట్లు తెరుస్తరు,
పది దాటి నాలుగు నిమిషాలకు అయిపోతయ్.
తొమ్మిదిన్నర సందే నేను తయారు.
చెవిల ఇయర్‌ఫోన్, ఒళ్లె ఫోను.
వారాసిగూడ గల్లీల పాలబండిని, పక్కింటి కుక్కరును
బయటికి తోసి తలుపు పెట్టిన.

నా ఫోను మాట్లాడుతది.
ఆడ గొంతు, తొందర మనిషి.
తెలుగును రాళ్ల మీద బండి నడిపినట్టు చదువుతది.
బటన్, అంటది.
పేరు లేని బటన్.
పేరు లేని బటన్.
బొమ్మ. బొమ్మ. లింకు.
బోర్డుల్లేని బజార్ల ఇల్లు దేవులాడినట్టు
వేలు జరుపుకుంట పోతున్న.

దొరికింది. నొక్కిన.
నా పేరు, మా నాయిన పేరు, పుట్టిన తేదీ,
ఎంత శాతం కనపడదో ఆ అంకె.
నూరు అని కొట్టినప్పుడల్లా
పరీక్షల ఫస్టొచ్చినట్టుంటది నాకు.

అన్నీ నింపినంక అడిగింది:
మీరు మనిషేనని నిరూపించండి.
ట్రాఫిక్ లైట్లున్న గళ్లన్నీ నొక్కండి.

ట్రాఫిక్ లైట్లు నాకు తెల్వవా!
చిలకలగూడ చౌరస్తాల ఎర్రలైటు పడ్డదంటే
ముందుగాల ఆటోలు గొణుగుడు తగ్గిస్తయ్,
ఆర్టీసీ బస్సు పెద్దమనిషి లెక్క ఊపిరిడుస్తది,
ఆ మీద రెండంటే రెండు సెకండ్లు
మక్కకంకులు కాల్చే ఆమె విసనకర్ర వినపడుతది.
అదీ ఎరుపు.
ఆకుపచ్చంటే అందరూ ఒక్కపారి తిట్టుకునుడు.
పసుపుపచ్చ ఈ ఊర్ల ఎవ్వరికీ కనపడదు,
నాకొక్కదానికే అనుకోకుండ్రి.

ఇదంత గళ్లల్ల పట్టదు.
వినే పరీక్ష కూడా ఉందంటే అదీ పెట్టిన.
నీళ్లల్ల మునిగెటోడు ఇంగ్లీషుల అంకెలు ఒర్లినట్టు
సెవెన్... ఏందో... ఫోర్...
మళ్లీ ప్రయత్నించండి.
ఓటీపీ వచ్చింది. నా ఫోను చదివి అయ్యేవరకు గడువు చచ్చింది.
పది దాటి అయిదు.
కండ్లు లేవన్న కాయితం కావాల్నంటే
కండ్లున్నయని ముందు చూపెట్టాల్నంట.

గౌస్ భాయ్ నెట్ సెంటర్‌కు పోయిన, ఇంకేం జేస్త.
"పాస్‌వర్డ్ చెప్పు బేటీ" అన్నడు. మంచిగనే అన్నడు.
ఎనుక లైనుంది. పింఛను తాత దగ్గు,
కులం సర్టిఫికెట్ పిలగాని నోట్ల చూయింగ్ గమ్,
మా పక్కింటి అనసూయక్క గాజులు. గుర్తుపట్టిన.
ఫ్యాను మోతల గట్టిగ చెప్పాలె.

ఎనిమిదేండ్ల సంది దాచుకున్న మాట అది.
అక్షరానికక్షరం చెప్పిన.
పెద్దదా చిన్నదా అన్నడు.
మొదటిది పెద్దది, అన్న.
అనసూయక్క గాజులు ఆగినయ్.

ఆ మాటేందో మీకు చెప్ప.
ఇన్నోళ్లు చాలు.

స్లాట్ దొరికింది, మూడు నెలల అవతల.
గౌస్ భాయ్ గొంతు తగ్గించి
"ఇంటికి పోయి మార్చుకో బేటీ, అందరూ ఇన్నరు" అన్నడు.
అడ్డగోడ ఒక్కటి కట్టిస్తే అయిపోవు గదా అనలే.
కిరాయిది. ఆయనకూ ఉంటయ్ కష్టాలు.

ఇంటికొచ్చి మార్చబోయిన.
మీరు మనిషేనా? అంది.
సైకిళ్లున్న గళ్లు నొక్కండి.

ఈ గళ్లు కట్టెటోళ్లు మాదాపూర్ దిక్కు ఉంటరంట.
టెన్ హెచ్ ఎక్కితే గంటన్నర తొవ్వ.
ఒకనాడు పోత.
అద్దాల మేడ ముందట నిలవడి
బటన్‌కు పేరు పెట్టుండ్రి, అంట.
పుట్టిన పిల్లకు ఇరవైయొక్క దినాలకే పెడతిమి గదనే,
దీనికెన్నేండ్లు?

సాయంత్రం పాలప్యాకెట్‌కని పోయి చౌరస్తాల ఆగిన.
పక్కన ఎవరో పిలగాడు, ఫోన్ల ఎవరితోనో నవ్వుకుంట
రోడ్డు మీదికి అడుగేసిండు.
ఆటోలు ఇంకా గొణుగుతనే ఉన్నయ్.
అంగీ పట్టి గుంజిన.
"ఏందాంటీ" అన్నడు.
ఆగు, అన్న.
బస్సు ఊపిరిడిచింది.
విసనకర్ర వినపడ్డది.
ఇగ నడు, అన్న.